పిట్టల పిడికెడు

లక్డారం కావలి సాయిబు పోయాడని పటాన్‌చెరు బస్సులో తెలిసింది. చెప్పినవాడు నా పక్కన కూర్చున్న కిరాణా దుకాణదారు. నిమ్మకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని, టికెట్టు చెవిలో దోపుకుని, ఏవేవో ధరలు చెబుతూ మధ్యలో అన్నాడు: "వడిసెలతోని గటక కుండలు పగులగొట్టిన సాయిబు లేడా, మొన్న పొద్దుగాల పాయె."

అందులో మెచ్చుకోలు లేదు, నింద కూడా లేదు. ఊరు ఆయన్ని ఆ ఒక్క పనితోనే గుర్తుపెట్టుకుంది. ఆ కుండల్లో విషం ఉందని ఆయన అన్నాడు. లేదని ఊరు అంది. ఉందని తెలిసిన రెండోవాణ్ని నేను. నాకు ఆయనకంటే ముందే తెలుసు.

అప్పట్లో నేను సంగారెడ్డిలో ఒక గది కిరాయికి తీసుకుని, హైదరాబాదు పత్రిక ఒకదానికి జిల్లా వార్తలు రాసేవాణ్ని. ఆఫీసుల మీద ఉర్దూ బోర్డులు దించి తెలుగు బోర్డులు ఎక్కించడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది. లక్డారం వైపు పోయినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చునేవాణ్ని. జొన్న గింజ పాలు పోసుకున్న నాటి నుంచి కోతల దాకా ఆయన పటేలు చేనులో మంచె మీద ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్లు చెవుల దాకా ముడుచుకుని కూర్చునే మనిషి. పక్కన మట్టి ఉండల కుప్ప. వాటిని ఎండాకాలంలోనే చేసి, ఆరబెట్టి, బుట్టలకెత్తి ఉంచుకునేవాడు.

ఆయన వడిసెల తాడు తిప్పి విసిరిన ఉండ పిట్టకు తగలగా ఎవరూ చూడలేదు. కంకి మీద చిలుక వాలితే దానికి జానెడు పక్కనున్న ఆకును కొట్టేవాడు. ఆకు చిరిగేది, చిలుక కేకవేసి లేచేది, దానితో పాటు చేను చేనంతా లేచేది.

"గురి తప్పిందా చాచా?" అని మొదటిసారి అడిగాను, తెలియక.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అఖ్బార్ సాబ్, కొడితే ఒక్కటే సస్తది. బెదిరిస్తే పోయి పదిమందికి చెప్తది."

చేనులో పిట్టలను తరిమే ఈ మనిషి ఇంటి వెనక పిట్టల కోసమే ఒక తోట పెంచాడు. తోట అనడం నా మర్యాద. పటేలు దాన్ని కంప అనేవాడు. ఎకరంలో పావు వంతు కూడా లేని మొరం నేల. ఒకప్పుడు దాంట్లో గడ్డి కూడా మొలిచేది కాదట. ఆయన చెట్లు నాటలేదు. ఎండిన తుమ్మ కొమ్మలు తెచ్చి, ఒక్కోదానికి అడ్డంగా ఒక కట్టె కట్టి, అక్కడక్కడా పాతాడు. ఆ కట్టెల మీద పిట్టలు వాలాయి. ఎక్కడెక్కడో తిన్న పండ్ల గింజలు వాటి రెట్టతో కింద పడ్డాయి. వానలకు ఒక్కో కట్టె మొదట్లో ఒక్కో మొక్క లేచింది. పరికి, బలుసు, కలివి, రేగు, వేప. గురిగింజ తీగ వాటిని పట్టుకుని పైకి పాకింది. నమాజుకు ముందు వజూ చేసుకున్న నీళ్లు రోజుకు ఒక మొక్క చొప్పున వంతులు వేసి పోసేవాడు. మొక్క బలిసి కొమ్మ వేశాక కట్టె పీకి మరోచోట పాతేవాడు.

"నేను కట్టెలే పాతిన. తోట వాళ్లే పెట్టుకున్నరు," అనేవాడు. పిట్టలను ఎప్పుడూ 'వాళ్లు' అనే అనేవాడు. ఎవరైనా బలుసాకు కోసుకుంటామని వస్తే, "నన్నడుగుతవేంది? పెట్టినోళ్లనడుగు," అని కొమ్మల వైపు చేయి చూపేవాడు. అడగడానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వి, పైకి చూసి, "అమ్మా పికిలిపిట్టా, గుప్పెడాకు తెంపుకుంట," అని కోసుకునేవాళ్లు. ఆయనకు అది చాలు.

ఇంకో పద్ధతి ఉండేది. సాయంత్రం ఆ తోట దగ్గర కూర్చున్నప్పుడు ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. నన్నూ అలాగే కూర్చోబెట్టేవాడు. నేను మెడ తిప్పితే మోకాలి మీద తట్టేవాడు. "సుట్టాలు తింటుంటే మొఖంల మొఖం పెట్టి సూస్తరా? తిననీ." ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చప్పుడును బట్టే చెప్పేవాడు. గువ్వ నేల మీద నడుస్తున్నదీ, బుల్లి జీనువాయి పిట్టలు గడ్డి గింజ ఒలుస్తున్నదీ, గోరింకలు పోట్లాడుకుంటున్నదీ విని గుర్తుపట్టడం నేర్పాడు. నాకు సగం కూడా పట్టుబడలేదు.

పటేలుకు ఈ సంగతి కడుపుమంట. ఒకసారి నా ఎదురుగానే అన్నాడు:

"జీతమిచ్చి నిన్ను కావలి పెట్టుకుంటి. నువ్వేమో వెనకసాటుకు దొంగలకు దావత్ ఇస్తున్నవు. నీ నౌకరీ పోవద్దని పిట్టల్ని సాదుతున్నవారా సాయిబూ?"

"పటేలా, కడుపు నిండినోడు దొంగతనానికొస్తడా? నీ సేన్ల పడొద్దనే ఈడ పెడుతున్న."

"తియ్యగ మాట్లాడకు. ఈ ఏడు నా కంకికి ముక్కు తగిలిందనుకో, నీ కంపంత నరికిపిచ్చి పొయ్యిల పెడ్త."

పటేలు నవ్వుతూనే అన్నాడు. సాయిబు కూడా నవ్వాడు. కాని ఆ పూట మట్టి ఉండలు చేస్తూ ఒకే ఉండను చాలాసేపు అరచేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

ఇక విత్తనాల నాటి రెండు ఆచారాలు చెప్పాలి. లక్డారంలో విత్తనాల మూట విప్పగానే కావలివాడు ఒక పిడికెడు తీసుకోవాలి. అది అతని హక్కు. మిగతా కావలివాళ్లు ఇంటికి పట్టుకుపోయేవాళ్లు. సాయిబు దాన్ని తన తోటలో ఒక చదును బండ మీద పోసేవాడు. 'పిట్టల పిడికెడు' అనేవాడు. రెండోది: ఒకసారి విప్పిన విత్తనం మళ్లీ గరిసెలోకి పోకూడదు. విత్తగా మిగిలిన జొన్నలను ఆ సాయంత్రమే పటేలు వాకిట్లో సంకటి లాంటి గటక వండి, విత్తనాలు వేసిన కూలీలందరికీ పెట్టేవాళ్లు. ఇంటికి పోవాల్సిన తొందర ఉన్నవాళ్లు తమ వంతు గింజలే కొంగున కట్టుకుని పోయేవాళ్లు.

ఆ ఏడు జొన్నలు గరిసెలోవి కావు. సంగారెడ్డిలో కొత్తగా తెరిచిన విత్తనాల గోదాము నుంచి వచ్చాయి. గోదాము గురించి రాయమని పత్రిక వాళ్లు అడిగితే పోయాను. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి ఒకాయన చాలా ఉత్సాహంగా చెప్పాడు: కంకి ఎంత బరువుంటుందో, కాటుక తెగులు ఎట్లా రాదో, ఏయే ఊళ్ల వాళ్లు తీసుకుపోతున్నారో. గింజలు ఇటుక పొడిలో దొర్లించినట్టు ఎర్రగా ఉన్నాయి. అన్నీ రాసుకుని సైకిలు ఎక్కబోతుండగా వెనక నుంచి పిలిచి, "మందు పట్టించిన గింజండీ. తినకూడదు. అది కూడా ఒక ముక్క వేయండి," అన్నాడు.

వేశాను. ఆఖరున వేశాను.

వార్త అచ్చయింది. లక్డారం పేరు పేపర్లో పడిందని పటేలు ఆ ప్రతిని మడిచి పెట్టెలో దాచుకున్నాడు. అచ్చయిన దాన్ని నేను చివరిదాకా చదువుకోలేదు. రోజూ రాసేవాడికి తన వార్త తాను చదువుకునే ఓపిక ఉండదు.

మిరుగం కార్తె వానలు పడ్డాయి. విత్తనాలు వేసే రోజున చూసి రాద్దామని పొద్దున బస్సుకే పోయాను. నాగళ్ల వెనక జడ్డిగం గొట్టంలో గింజలు వదులుతూ ఆడవాళ్లు నడుస్తున్నారు. మూడు సాళ్లు తిరిగేసరికి అందరి అరచేతులూ ఎర్రబడ్డాయి.

"సూడవే, అందరం పెండ్లిపిల్లలమైతిమి," అని ఒకామె చేతులు చాపి చూపింది.

"నీకు మొగుడు దొరకాలె గద ముందు," అంది ఇంకొకామె. చేనంతా నవ్వు.

సాయిబు మూటలో చేయి పెట్టి పిడికెడు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గిదేం వాసన పటేలా?"

"సర్కారు వాసన. నీకలవాటు లేదు," అన్నాడు పటేలు.

ఆయన ఇంకోసారి వాసన చూశాడు. పారేయబోతాడేమో అనిపించింది. తర్వాత, నన్ను చూసి చిన్నగా నవ్వి, రెండో పిడికెడు కూడా తీసి తువ్వాలు కొసన కట్టుకున్నాడు. "ఈ ఏడు జెర ఎక్కువే పెడ్త. సేన్ల దిక్కు రాకుంటుంటరు." పటేలు మాట ఆయన మరచిపోలేదన్నమాట.

బండ మీద ఆ గింజలు పోసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. గోదాములో విన్న మాట నాకు గుర్తు రాలేదా అని చాలాసార్లు నన్ను నేను అడిగాను. వచ్చింది. తినకూడదన్నది మనుషులను కదా అనుకున్నాను.

మధ్యాహ్నం తిరిగాక ఇద్దరం తోటకు వీపు పెట్టి కూర్చున్నాం. మబ్బు దిగి ఉంది, గాలి లేదు. ఆయన తన చిన్నప్పటి ఉస్తాదు గురించి చెబుతున్నాడు. వడిసెల తాడుకు ఏ నార మంచిదో. మాట మధ్యలో ఆగాడు.

"సప్పుడు తప్పింది," అన్నాడు.

నాకు చప్పుడు వినిపిస్తూనే ఉంది. పైన పికిలిపిట్టలు అరుస్తున్నాయి. అదే చెప్పాను. ఆయన చేయెత్తి నన్ను ఆపాడు. "మీద ఉన్నది. కింద లేదు."

అయినా వెంటనే తిరగలేదు. అంత అలవాటు ఆయనకు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని అట్లాగే కాసేపు కూర్చుని, ఆ తర్వాత మెల్లగా తిరిగాడు. నేనూ తిరిగాను.

గువ్వలు పక్కలకు ఒరిగి పడి ఉన్నాయి. కొన్నింటి రెక్కలు ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఒక పిచ్చుక మెడ వంకర తిరిగి బండ చుట్టూ ఒకే వైపుకు పరుగెత్తుతోంది. జీనువాయిలు గడ్డిలో గుప్పెడు గుప్పెడుగా రాలి ఉన్నాయి. పైన కలివి పొద మీద పికిలిపిట్టలు మాత్రం ఎప్పటిలాగే నల్లటి పండ్లు తింటూ, కిందికి చూసి అరుస్తున్నాయి.

ఆయన ఏ పిట్టనూ ముట్టుకోలేదు. పొద దగ్గర నిలబడి పైకి చూశాడు, కిందికి చూశాడు. మళ్లీ పైకి.

"పండు తిన్నోళ్లు మంచిగనే ఉన్నరు," అన్నాడు. "గింజ తిన్నోళ్లే పడ్డరు."

అప్పుడు ఒక గువ్వను తీసి, వడిసెల తాడు కోసే చాకుతో దాని గొంతు కింది తిత్తి కోశాడు. ఎర్ర జొన్నలు ఆయన అరచేతిలోకి రాలాయి. వాటిని చూస్తూ, నాతో కాదు, గింజలతో అన్నట్టు అన్నాడు: "ఇయ్యాల పటేలు వాకిట్ల ఏం ఒండుతున్నరు?"

"చాచా," అన్నాను. "అవి తినొద్దన్నారు. మందు పెట్టిన గింజలట. నేను రాశాను. పేపర్లో."

"రాసినవా?" ఆయన తల ఎత్తాడు. "నాకు చెప్పకపోతివి."

అంతే అన్నాడు. వడిసెల భుజాన వేసుకుని, బుట్టలోంచి ఉండలు జేబులో పోసుకుని ఊళ్లోకి పరుగెత్తాడు. ఆ వయసులో అంత వేగంగా పరుగెత్తగలడని నేననుకోలేదు.

పటేలు వాకిట్లో రెండు రాళ్ల పొయ్యిల మీద రెండు పెద్ద కుండలు ఉడుకుతున్నాయి. కూలీలు పొద్దుటి నుంచి తిండి లేకుండా పనిచేసిన వాళ్లు. ముప్పై మంది దాకా ఆకులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. గటక వాసన వాకిలంతా నిండి ఉంది. నిజం చెప్పాలంటే నాకూ ఆకలి వేసింది.

"తినకుండ్రి! జహర్ ఉంది, జహర్!" సాయిబు గడప బయటి నుంచే అరిచాడు. "నా తోటల పిట్టలన్ని సచ్చినయ్."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వారు.

"పిట్టలు సస్తె మనం సస్తమా మామా?" అన్నాడొకడు. "పిట్ట గుండెకాయెంత, మన కడుపెంత!"

"పొద్దంత ఎర్రగైన చేతులతోనే పొగాకు నమిలిన. నేను సచ్చిన్నా?" అంది ఇంకొకామె.

పటేలు అరుగు దిగి వచ్చాడు. "సర్కారోళ్లు విషమిస్తరార? జర సోయిల ఉండి మాట్లాడు."

"అఖ్బార్ సాబును అడుగుండ్రి," అన్నాడు సాయిబు. "ఆయన రాసిండు."

అందరూ నా వైపు తిరిగారు. చెప్పాను. అధికారి అన్నది అన్నట్టు చెప్పాను. పటేలు లోపలికి పోయి, పెట్టెలోంచి పేపరు తెచ్చి, మడత విప్పి, పైకి చదవడం మొదలుపెట్టాడు. కంకి బరువు, కాటుక తెగులు, ఊళ్ల పేర్లు. లక్డారం అన్న మాట దగ్గర గొంతు కొంచెం పెంచాడు. అక్కడితో వార్త అయిపోయింది. దాని కింద గీత. గీత కింద నూలు ధరలు.

జాగా చాలనప్పుడు మా పత్రికలో వార్తను అడుగు నుంచి కోస్తారు. నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెప్పిన సంగతి అది.

"ఏదయ్యా?" అన్నాడు పటేలు పేపరు నా ముందు పెట్టి. "చూపియ్యి."

నేను చూపించలేకపోయాను. కోశారని అన్నాను. ఎవరు, ఎందుకు అని అడిగారు. చెప్పిన కొద్దీ అది అబద్ధంలా వినిపించింది, నాకు కూడా. ఈలోగా గరిటె పట్టుకున్న ముసలామె, "ఇగ సాలు తియ్యిండ్రి ముచ్చట్లు, అడుగంటుతది," అని మొదటి ఆకులో గటక వేయబోయింది.

వడిసెల తిరిగిన చప్పుడు విన్నాను. మట్టి ఉండ ఆమె గరిటెకు జానెడు పక్కగా పోయి కుండ నడుముకు తగిలింది. కుండ రెండుగా విచ్చి గటకంతా బూడిదలోకి జారింది. ఎవరూ లేవకముందే రెండో ఉండ రెండో కుండను పగులగొట్టింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇద్దరు ముగ్గురు ఆయన్ని కింద పడేశారు. నేను అడ్డం పోతే నన్ను పక్కకు నెట్టారు, కొట్టలేదు. గరిటె పట్టుకున్న ముసలామె మాత్రం కదలకుండా బూడిదలో పొగలు కక్కుతున్న ఆ ముద్దను చూస్తూ, ఏడుస్తూ అంది: "నీ పిట్టలు సచ్చినయని మా కడుపులు కొడ్తివా సాయిబూ?"

ఆయన మూతి తుడుచుకుంటూ లేచాడు. "కొడ్తిరి, మంచిదే. ఒక్కటి చెప్పుండ్రి. పచ్చిగింజలు ఎవరన్న ఇంటికి తీస్కపోయిన్రా?"

కూలీలు ఖాళీ ఆకులు మడిచి లేచారు. మళ్లీ అడిగాడు. ఆకలి మీద ఉన్న ముప్పై మంది ఆయన ముఖం చూడడానికి ఇష్టపడలేదు. వాకిట్లోంచి బయటికి గెంటేదాకా ఆయన ఆ ఒక్క మాటే అడుగుతూ ఉన్నాడు.

మర్నాడు నేను గోదాముకు పోయాను. అధికారి హైదరాబాదు వెళ్లిపోయాడు. గుమాస్తా ఒకాయన వెతికి వెతికి, గింజ తినకూడదని ఇంగ్లీషులో ఉన్న కాగితం ఒకటి ఇచ్చాడు. అదే ముక్క ప్రతి మూట మీదా అచ్చు వేసి ఉందట. ఆ ఇంగ్లీషు చదవగలిగినవాడు లక్డారంలో లేడు; చదవగలిగిన నేను ఆ రోజు మూటను తిప్పి చూడలేదు. మూడో రోజు కాగితం పట్టుకుని ఊరికి పోయేసరికి సాయిబు నౌకరీ పోయింది. ఆయన ఇంటి వెనక పటేలు మనుషులు గొడ్డళ్లతో తోట నరుకుతున్నారు. పరికి ముళ్లకు తిట్టుకుంటూ, ఒక పక్క నుంచి శుభ్రంగా నరుక్కుంటూ వస్తున్నారు. పికిలిపిట్టలు ఇంకా మిగిలి ఉన్న పొదల్లోకి ఎగురుతున్నాయి. ఆయన చెప్పులు తొడుక్కుని బయలుదేరుతున్నాడు.

"చాచా, తోట..." అన్నాను.

"కట్టెలు మళ్ల పాతొచ్చు. నడువు." ఆయన కన్ను వాచి మూసుకుపోయి ఉంది. "తెలిసింది. ఒకామె తీస్కపోయింది."

గరిటె పట్టుకున్న ముసలామె ఆ పొద్దున వచ్చి చెప్పిందట, తలుపు బయటే నిలబడి, లోపలికి రాకుండా. గింజలు తీసుకుపోయినామె కొల్లూరు దారిలో గుడిసెలో ఒంటరిగా ఉండే మనిషి. మేకలను చీకటి పడకముందే కట్టేయాలని, గటక దాకా ఆగకుండా తన వంతు గింజలు కొంగున కట్టుకుని పోయింది.

మేం పోయేసరికి ఆమె వాకిలి ఊడుస్తోంది. నలభై ఏళ్లుంటాయి. మమ్మల్ని చూసి నడుం ఎత్తి నవ్వింది. సాయిబుకు ప్రాణం లేచి వచ్చినట్టుంది. ఊపిరి గట్టిగా వదిలాడు.

"ఏం సాయిబన్నా, కుండలు పగులగొడ్తానికి ఇంతదూరం వస్తివా? నాకున్నది ఒక్కటే కుండ."

"చెల్లె, ఆ గింజలేవి?"

"ఏడున్నయ్? నిన్నటితోని ఒడిసినయ్."

"తిన్నవా?"

"ఊకెనే తింటనా? మూడు నీళ్లు పోసి కడిగిన. ఎర్రదనం పోయి తెల్లగ మెరిసెదాంక కడిగిన. మంచి రుచి ఉండె." ఆయన ముఖం చూసి మళ్లీ నవ్వింది. "ఏమైతది? నేనేమన్న నీ పిట్టనా?"

చీపురు చేతిలోంచి జారింది. వంగి తీసుకుంది. రెండు సార్లు ఊడ్చేసరికి మళ్లీ జారింది.

"పొద్దుగాల సంది గిదే లొల్లి," అంది. "చేతుల ఏళ్లు తిమ్మిరి పట్టినయ్. మేకల తాడు ముడి కూడ పడ్తలేదు." అరుగు మీద కూలబడి, చేతిని ముఖం ముందు పెట్టుకుని, వేళ్లు ముడిచి, విప్పి, అది ఎవరిదో అయినట్టు చూసింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

సాయిబు నా చేతిలోని కాగితం వైపు చూడలేదు. గుంజ దగ్గర వదులుగా వేలాడుతున్న తాడు తీసుకుని, మేకను దగ్గరికి లాగి, రెండు ముళ్లు వేసి కట్టాడు.

"సంగారెడ్డి దవాఖానకు పోదం చెల్లె. లే."

"గిప్పుడా? మేకలకు నీళ్లెవరు పెడ్తరు?"

"నేను పెడ్త. ఈడనే ఉంట. అఖ్బార్ సాబు నిన్ను తీస్కపోతడు. నువ్వు లే."

ఆమె కొంగు సర్దుకుని, రెండు అరచేతులూ అరుగు మీద ఆనించి లేవబోయింది. సగంలో ఆగి, కదలని తన కాళ్ల వైపు చూసుకుంది.